పూత మీద బేరం: మా బాబాయ్ మామిడి తోటలో ఈ వసంతం

వెనకాల డుగడుగ అని ఏదో చప్పుడు వినిపిస్తోంది కదా, అది నీళ్ళ మోటారు. కాసేపు ఆపమని అడిగాను. "నీ వీడియో కోసం పిందెల్ని ఎండబెట్టమంటావేంట్రా" అన్నాడు మా బాబాయ్. కాబట్టి ఇవాళ ఆ సౌండ్‌తోనే సర్దుకుపోదాం.

ఈ ఎపిసోడ్ స్టూడియోలో కాదు, నూజివీడు దగ్గర మా బాబాయ్ వాళ్ళ తోటలో, ఒక చిన్న రసాల చెట్టు కింద కూర్చుని చేస్తున్నాను. సంక్రాంతికి వచ్చినవాడిని, ఉగాది అయిపోయినా ఇక్కడే ఉన్నాను. మధ్యలో రెండుసార్లు హైదరాబాద్ వెళ్ళొచ్చాను, అంతే. కామెంట్లలో చాలామంది అడుగుతూనే ఉన్నారు, "బ్రో, జాబ్ వదిలేసి ఆర్గానిక్ ఫార్మింగ్ చేద్దామనుకుంటున్నా, ఎలా ఉంటుంది?" అని. మామూలుగా దీనికి మన యూట్యూబ్‌లో దొరికే సమాధానం ఏంటంటే డ్రోన్ షాట్, పచ్చటి పొలం, వెనకాల ఫ్లూట్. నేను కూడా అలాంటి వీడియో ఒకటి చేశాను, పోయిన జూన్‌లో. ఆ వీడియో వల్ల ఏం జరిగిందో కూడా ఇవాళ చెప్పాలి. అసలు ఈ ఎపిసోడ్ చేస్తున్నదే అందుకు.

ముందు తోట గురించి. మొత్తం అయిదెకరాలు. అందులో మూడెకరాలు మామిడి, లెక్కపెడితే నూట ఇరవై దాకా చెట్లు. బంగినపల్లి ఎక్కువ, చిన్న రసాలు, పెద్ద రసాలు కొన్ని. మిగతా రెండెకరాల్లో కూరగాయలు, కొంచెం పెసలు, పశువులకి గడ్డి. ఒక ఆవు, ఒక పెయ్య. మందులు మానేసి ఇది నాలుగో ఏడు. అంతకు ముందు మా బాబాయ్ కూడా అందరిలాగే ఏటా అయిదారు సార్లు మందు కొట్టించేవాడు. ఎందుకు మానేశాడంటే పెద్ద సిద్ధాంతం ఏం లేదండి. ఒకరోజు మందు కొట్టి ఇంటికొచ్చి, రాత్రంతా వాంతులు చేసుకున్నాడు. పొద్దున్నే మా పిన్ని, "ఇంక ఆ డబ్బా ఇంట్లోకి రావడానికి వీల్లేదు" అంది. అంతే. పుస్తకాలు, పాలేకర్ గారి క్లాసులు, ఇవన్నీ తర్వాత వచ్చాయి.

ఇప్పుడు నూజివీడు చుట్టుపక్కల ఉన్న ఒక పద్ధతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఇక్కడ చాలామంది రైతులు కాయ అమ్మరు. పూత అమ్ముతారు. అంటే జనవరిలో చెట్టు పూత మీద ఉన్నప్పుడే వ్యాపారి వచ్చి తోటంతా తిరిగి చూసి, ఇంత అని గుత్తగా మాట్లాడి, అడ్వాన్స్ చేతిలో పెడతాడు. అక్కడినుంచి తోట అతనిది. మందులు అతనే కొట్టించుకుంటాడు, కాపలా అతనే, కోత అతనే. కాస్తే అతని లాభం, రాలితే అతని నష్టం. రైతుకి రిస్క్ లేదు. మనం కంపెనీలో స్టాక్ ఆప్షన్లు వద్దు, జీతమే చాలు అనుకుంటాం చూడండి, అలాంటిదే. నిజానికి చాలా తెలివైన ఏర్పాటు. గాలివాన ఎప్పుడొస్తుందో, పూత ఎప్పుడు మాడిపోతుందో ఎవరికీ తెలియని పంటలో, సంక్రాంతికే చేతిలో డబ్బు పడటం అంటే మామూలు విషయం కాదు.

కానీ ఇక్కడే సమస్య. పూత అమ్మితే మందు కొట్టేది వ్యాపారి. డబ్బు పెట్టినవాడు కషాయాలు కొట్టుకుంటూ కూర్చోడు కదా. అంటే పూత మీద అమ్మిన రోజునే మీ ఆర్గానిక్ అయిపోయినట్టే. మా బాబాయ్ పీజీఎస్ గ్రూపులో ఉన్నాడు. పీజీఎస్ అంటే, కనీసం అయిదుగురు రైతులు ఒక గ్రూపుగా ఏర్పడి, ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుని హామీ ఇచ్చుకునే సర్టిఫికేషన్. ఒక్కడు తప్పు చేస్తే మిగతావాళ్ళ పేరు కూడా పోతుంది. కోడ్ రివ్యూ లాంటిదే అనుకోండి, కాకపోతే ఇక్కడ రివ్యూ చేసేవాళ్ళు రోజూ మీ ఇంటి ముందునుంచే వెళ్తుంటారు.

సంక్రాంతి అయిన నాలుగు రోజులకి వ్యాపారి వచ్చాడు. మంచి మనిషే, మా బాబాయ్‌కి పదేళ్ళనుంచి తెలుసు. తోటంతా తిరిగాడు. పూత ఈసారి బాగా వచ్చింది. రెండు లక్షలన్నాడు. యాభై వేలు అప్పటికప్పుడు తీసి మంచం మీద పెట్టాడు. బాబాయ్ వద్దన్నాడు. అతను నవ్వి, టీ తాగి, "ఆలోచించుకోండి బావగారూ" అని డబ్బు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి మా పిన్ని అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. మా చెల్లికి, అంటే వాళ్ళ అమ్మాయికి, సంబంధం కుదిరింది. వైశాఖంలో నిశ్చితార్థం. పోయినేడు తోట మీద వచ్చింది సగం పంటే. బ్యాంకులో బంగారం మీద తీసుకున్న లోన్ ఉంది. పిన్ని అంది: "మట్టి బాగుపడింది, వానపాములొచ్చాయి, అన్నీ సరే. రేపు బ్యాంకు వాడొస్తే వానపాముల్ని చూపిస్తామా?" బాబాయ్ ఏం మాట్లాడలేదు. నేను కూడా ఏం మాట్లాడలేదు. ఎందుకంటే పిన్ని అన్నది నిజం. మందు డబ్బా ఇంట్లోకి రావద్దన్నది కూడా ఆవిడే, గుర్తుపెట్టుకోండి. రెండూ నిజమే.

సరే, పూత గురించి కొంచెం. మామిడి పూతని దగ్గరగా ఎప్పుడైనా చూశారా? ఒక్కో పూగుత్తిలో వందల నుంచి వేల పూలు ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం మగపూలు, కొన్ని మాత్రమే కాయ కట్టగలిగే ద్విలింగ పూలు. ఆఖరికి చెట్టు మీద కాయగా మిగిలేది నూటికి ఒకటి కూడా కాదు. నేను ఇది మొదటిసారి విన్నప్పుడు, ఇంత ఫెయిల్యూర్ రేటుతో ఏ సిస్టమ్ అయినా నడుస్తుందా అనుకున్నాను. చెట్టుకి మాత్రం ఇది మామూలే. ఇంకో విషయం, మామిడికి పరాగసంపర్కం చేసేది తేనెటీగలొక్కటే కాదు, ఈగలు కూడా. మనం ఛీ అనుకునే ఈగలే. అందుకే పూత పూర్తిగా విచ్చుకున్నప్పుడు వేపకషాయమైనా సరే కొట్టకూడదంటాడు బాబాయ్. పూత బయటికొస్తున్నప్పుడు ఒకసారి, పిందె బఠాణీ గింజంత అయ్యాక ఒకసారి. మధ్యలో చెట్టుని దాని మానాన దాన్ని వదిలేయాలి. నీళ్ళు కూడా అంతే. పూతకి ముందు రెండు నెలలు చెట్టుకి నీళ్ళు ఆపేస్తారు. నీళ్ళు పెడితే పూత బదులు చిగురు వస్తుంది. పిందె నిలిచాకే మళ్ళీ మోటారు వేసేది. ఇప్పుడు మీకు వినిపిస్తున్న ఆ డుగడుగ అదే.

జనవరి ఆఖరి వారంలో ఒకరోజు సాయంత్రం బాబాయ్ నన్ను తూర్పు వైపు చెట్ల కిందకి తీసుకెళ్ళి, "కళ్ళు మూసుకుని విను" అన్నాడు. విన్నాను. సన్నగా చినుకులు పడుతున్నట్టు చిటచిట, చిటచిట. ఆకాశంలో మబ్బు లేదు. "తేనెమంచు పురుగు" అన్నాడు. గోధుమ గింజ కన్నా చిన్నగా ఉంటుంది. చెట్టు కదిపితే వందల్లో ఎగిరి మళ్ళీ ఆకుల మీద పడతాయి, ఆ చప్పుడే అది. ఈ పురుగు పూగుత్తిలో రసం పీల్చేస్తుంది. జిగటగా తేనె లాంటిది విసర్జిస్తుంది. దాని మీద నల్లటి మసి బూజు పడుతుంది. పూత మాడి, ముట్టుకుంటే పొడిలా రాలిపోతుంది.

దీనికి మా దగ్గరున్న ఆయుధం వేపగింజల కషాయం. అయిదు కిలోల వేపగింజల పొడి, వంద లీటర్ల నీళ్ళు, అయిదు శాతం కషాయం అన్నమాట. పొడిని గుడ్డలో మూటకట్టి రాత్రంతా నానబెట్టి, పొద్దున మూటని పాలు పిండినట్టు పిండాలి, నీళ్ళు తెల్లగా వచ్చేవరకు. అందులో కొంచెం సబ్బు కలపాలి, ఆకుకి పట్టుకోవడానికి. కొట్టడం మాత్రం సాయంత్రం పూటే. వేపలో పనిచేసే పదార్థం, అజాడిరక్టిన్, ఎండకి త్వరగా విరిగిపోతుంది. ఇది పురుగుని కొట్టిన వెంటనే చంపదు. దాని తిండి మాన్పిస్తుంది, పిల్ల పురుగుల ఎదుగుదల ఆపుతుంది. అంటే పురుగు తక్కువగా ఉన్నప్పుడే కొట్టాలి. ముదిరాక కొడితే లాభం లేదు. రసాయన మందుకి దీనికి ఉన్న తేడా అదే. ఇక్కడ ఆలస్యానికి క్షమాపణ ఉండదు.

నూట ఇరవై చెట్లు. పెద్ద చెట్టుకి ఎనిమిది లీటర్ల పైన పడుతుంది. లెక్కేసుకోండి, దగ్గర దగ్గర వెయ్యి లీటర్లు. అంటే యాభై కిలోల వేపగింజల పొడి. ఇది జనవరిలో దొరికేది కాదు. వేపపండ్లు రాలేది జూన్, జూలైలో. అప్పుడు ఏరి, గుజ్జు కడిగి, నీడలో బాగా ఆరబెట్టి, గోనెసంచుల్లో గాలి తగిలేలా దాచుకోవాలి. వసంతకాలం పని నిజానికి పోయిన వానాకాలం మొదట్లోనే మొదలవుతుంది అన్నమాట.

ఇక్కడ నా కథ వస్తుంది.

పోయిన జూన్‌లో నేను వేపగింజల మీద వీడియో చేశాను. మీలో కొందరు చూసే ఉంటారు, మంచి వ్యూస్ వచ్చాయి. అందులో ఆఖరి షాట్‌లో ఆకుపచ్చ ప్లాస్టిక్ డ్రమ్ములు రెండు, వాటిలో గింజలు జలజలా పోసి, మూత బిగించి, దాని మీద నేను నా చేతిరాతతో లేబుల్ అంటిస్తాను. చాలా నీట్‌గా ఉంటుంది ఆ షాట్. గోనెసంచులైతే కెమెరాలో అందంగా లేవని నాకు అనిపించింది. పిన్ని అప్పుడే అంది, "ఇంకా ఆరలేదురా, ఇంకో వారం ఉండనీ" అని. నాకు రాత్రి బస్సు ఉంది. "షూట్ అయ్యాక మళ్ళీ సంచుల్లోకి మార్చేయండి పిన్నీ" అని చెప్పాననే అనుకున్నాను. చెప్పలేదు. లేదా గట్టిగా చెప్పలేదు. వాళ్ళేమో, చదువుకున్నవాడు, ఏదో తెలిసే చేసుంటాడు అనుకుని అలాగే ఉంచేశారు.

జనవరిలో మూత తీశాం. వాసన ఇప్పటికీ మర్చిపోలేను. గింజలన్నీ బూజు పట్టి, ఒకదానికొకటి అతుక్కుపోయి, ముద్దలా ఉన్నాయి. అరవై కిలోల్లో ముప్పై కిలోలు పోయాయి. సంచుల్లో ఉన్న ముప్పై మాత్రం బాగున్నాయి.

నన్ను ఎవరూ ఏం అనలేదు. అదే ఎక్కువ బాధ అనిపించింది. ఆఫీసులో అయితే ప్రొడక్షన్ పడిపోతే మీటింగ్ పెడతారు, ఎవరు ఏ తప్పు చేశారో రాస్తారు, తెల్లారేసరికి సర్వర్ మళ్ళీ లేస్తుంది. ఇక్కడ బ్యాకప్ లేదు. వేప మళ్ళీ జూన్‌లోనే కాస్తుంది.

మీరు అడగొచ్చు, వేపనూనె సీసా బజార్లో దొరుకుతుంది కదా, కొనొచ్చు కదా అని. కొనొచ్చు. ఆర్గానిక్‌లో వేపనూనెకి అనుమతి ఉంది. కానీ "బయో" అని రాసున్న ప్రతి సీసాలో బయోనే ఉంటుందని గ్యారంటీ లేదు. బయో పేరుతో రసాయన మందు కలిపి అమ్మడం అనేది రైతులందరికీ తెలిసిన విషయమే. మూడేళ్ళ కింద బాబాయ్ ఒక సీసా కొన్నాడట. కొట్టిన గంటలో పురుగులన్నీ టపటపా రాలిపోయాయట. ఇంకొకరైతే సంతోషపడేవారు. ఈయన భయపడ్డాడు. వేప అలా పనిచేయదు కదా. ఆ తర్వాత నుంచి తన చేత్తో దంచిన పొడి తప్ప ఇంకోటి వాడడు.

ఉన్న ముప్పై కిలోలతో ఆరువందల లీటర్లు అయింది. పడమటి వైపు డెబ్భై అయిదు చెట్లకి కొట్టాం. స్ప్రేయర్ సొంతది. అద్దెకి తెచ్చే డ్రమ్ముల్లో అంతకుముందు ఎవరు ఏ మందు కలిపారో తెలీదు కాబట్టి అప్పు చేసి మరీ కొనుక్కున్నారు. పాతిక అడుగుల చెట్టు పైకొమ్మకి అందాలంటే గన్ పట్టుకుని తల పైకెత్తి నిలబడాలి. కషాయమంతా మొహం మీద పడుతుంది. చేదు, ఆ చేదు మూడు రోజులు పోలేదు. అన్నం తిన్నా చేదే, కాఫీ తాగినా చేదే. నాకు ఉగాది ఈసారి రెండు నెలల ముందే వచ్చింది.

మిగిలిన నలభై అయిదు తూర్పు చెట్లకి గింజలు లేవు. బాబాయ్ పీజీఎస్ గ్రూపులో వాళ్ళకి ఫోన్లు చేశాడు. పురుగు అందరికీ ఉంది. ఎవరి గింజలు వాళ్ళకే కావాలి. ఆఖరికి ఒకాయన పదిహేను కిలోలు ఇస్తానన్నాడు, వచ్చే జూలైలో ఇరవై కిలోలు తిరిగిచ్చే ఒప్పందం మీద. బండేసుకుని నేనే వెళ్ళి తెచ్చాను. కానీ అప్పటికి అయిదు రోజులు అయిపోయింది.

ఆ అయిదు రోజుల మధ్యలో వ్యాపారి మళ్ళీ వచ్చాడు. తూర్పు వైపు చూశాడు, నల్లబడిన పూత వేళ్ళతో నలిపి చూశాడు. ఈసారి లక్షా ఇరవై అన్నాడు. "ఇవాళే ఒప్పుకుంటే రేపు పొద్దున్నే మా కుర్రాళ్ళు ట్యాంకు తెస్తారు, మిగిలిన పూతైనా దక్కుతుంది" అన్నాడు. అతని మాటలో మోసం లేదండి. అతను చెప్పింది జరిగే పనే. ఒక్క స్ప్రే, ఒక్క రాత్రి.

పిన్ని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. బాబాయ్ ఆవిడ వైపే చూశాడు. ఆవిడ ఒప్పుకోమంటుందని నేను వంద శాతం అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఒప్పుకుంటే బాగుండు అని కూడా అనుకున్నాను, ఎందుకంటే అప్పుడు నా డ్రమ్ముల సంగతి అక్కడితో అయిపోతుంది. పిన్ని వ్యాపారితో, "లక్షా ఇరవైకి అయితే ఆ నష్టమేదో మేమే పడతాం లే అన్నయ్యా. రెండు లక్షలప్పుడు అడిగుంటే నేనే ఇచ్చేసేదాన్ని" అంది. ఇదేదో గొప్ప ఆశయం కోసం అన్న మాట కాదు, పక్కా లెక్క. తక్కువ రేటుకి తోటా పోయి, నాలుగేళ్ళ సర్టిఫికెట్టూ పోయి, రెండూ ఎందుకు పోగొట్టుకోవాలి? అతను కూడా నవ్వేశాడు. వెళ్ళేటప్పుడు రెండు తోటకూర కట్టలు అడిగి మరీ పట్టుకెళ్ళాడు, మందు లేనివి కదా అని.

ఫిబ్రవరి నుంచి పని ఇంకోలా ఉంటుంది. పొద్దున్నే అయిదింటికి పెసర కాయ కోత. ఎండెక్కితే కాయ ఫట్‌మని పగిలి గింజలు నేలపాలు. మంచు తడి ఉన్నప్పుడే కోయాలి. నడుం పట్టేసింది నాకు. మా పిన్ని నాకు రెండు సాళ్ళు ముందుంటుంది ఎప్పుడూ. ఎనిమిదింటికి చద్దన్నం. తర్వాత పందిళ్ళ దగ్గర పని. జనవరిలో పెట్టిన సొర, కాకర తీగలు పైకి ఎక్కించాలి, కొసలు తాడుకి కట్టాలి. సొరపువ్వు గురించి మీకు తెలుసా? అది సాయంత్రం విచ్చుకుంటుంది, తెల్లగా. తేనెటీగలు ఇంటికెళ్ళిపోయే టైముకి ఇది డ్యూటీ ఎక్కుతుంది. అందుకని మగపువ్వు తెంపి ఆడపువ్వు మీద మనమే అద్దుతాం. చీకటి పడుతుంటే ఫోన్ టార్చ్ వేసుకుని పందిరి కింద పూలకి పెళ్ళిళ్ళు చేస్తూ తిరగడం, నా బీటెక్ సిలబస్‌లో లేదు.

వారం విడిచి వారం జీవామృతం. దీని మీద కామెంట్లలో ఎప్పుడూ గొడవే కాబట్టి నా అభిప్రాయం చెప్తాను. రెండువందల లీటర్ల నీళ్ళలో పది కిలోల ఆవుపేడ, అయిదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గట్టు మీది గుప్పెడు మట్టి. నీడలో రెండు రోజులు ఉంచి పూటకోసారి కర్రతో తిప్పాలి, అదీ కుడివైపుకే. కుడివైపుకే ఎందుకని అడిగాను. అలా చెప్పారు, అలా చేస్తున్నాం అన్నారు. మన పాత కోడ్‌లో కొన్ని లైన్లు ఉంటాయి చూడండి, ఎవరు రాశారో తెలీదు, తీసేయడానికి భయం, అలాగన్నమాట. మిగతాదానికి మాత్రం లాజిక్ ఉంది. పేడలో, మట్టిలో ఉన్న సూక్ష్మజీవులకి బెల్లం, పిండి తిండి. అవి పెరుగుతాయి. కానీ పది కిలోల పేడ ఎకరానికి ఎరువు అవుతుందా అంటే, అవదు. అది తోడు లాంటిది. తోడు వేస్తే పెరుగు అవ్వాలంటే కింద పాలు ఉండాలి కదా. ఆ పాలు ఏంటంటే చెట్ల కింద రాలిన ఆకు, కోసి పరిచిన గడ్డి, గట్ల మీది గ్లైరిసీడియా కొమ్మలు, మాగిన పశువుల ఎరువు. నేల మీద ఆ దుప్పటి లేకుండా జీవామృతం ఒక్కటే పోస్తే చాలు, పంట విరగకాస్తుంది అని చెప్పేవాళ్ళని నమ్మకండి. ఈ మాటకి నన్ను తిట్టేవాళ్ళు తిట్టుకోవచ్చు.

ఆ దుప్పటికి మార్చిలో ఒక శత్రువు ఉంది, నిప్పు. పక్క పొలంలో ఎవరో మొక్కజొన్న చొప్ప తగలబెట్టారు. గాలి ఇటు తిరిగింది. అరగంటలో మా గట్టు దాకా వచ్చేసింది. బిందెలు, పచ్చి వేపమండలు, గోనెసంచులు, ఏది దొరికితే అది పట్టుకుని పరిగెత్తాం. ఒక వరస చెట్ల కింద ఆకంతా కాలిపోయింది, కింది కొమ్మలు కమిలాయి. అప్పటినుంచి తోట చుట్టూ ఆరడుగుల వెడల్పున ఆకు ఊడ్చేసి ఖాళీగా ఉంచుతున్నాం. నా రోజువారీ పనుల్లో ఇప్పుడు అదొకటి, చీపురు పట్టుకుని తోట ఊడవడం.

వసంతం అంటే పాటల్లో వినేది కూడా ఉంది, లేదనను. దూరంగా గుట్ట మీద మోదుగలు ఎర్రగా అంటుకున్నట్టు ఉంటాయి. పొద్దున నాలుగున్నరకే కోయిల మొదలుపెడుతుంది. మొదటి వారం బాగుంది. మూడో వారానికి దాని నోరు మూయించాలనిపించింది. మధ్యాహ్నం పూట వసారాలో పిన్ని, ఇంకో ఇద్దరు అమ్మలక్కలు కూర్చుని కొత్త చింతపండు గింజ తీస్తూ ఊళ్ళో వాళ్ళందరి జాతకాలు చెప్పుకుంటారు. ఆ గంటన్నర ఏ పాడ్‌కాస్ట్‌కీ తీసిపోదు.

ఈసారి ఉగాది మార్చి ఆఖర్లో వచ్చింది. పచ్చడిలోకి అన్నీ తోటవే, మామిడికాయ, చింతపండు, వేపపువ్వు. బెల్లం ఒకటే కొన్నాం. వేపపువ్వు కోయడానికి చెట్టు దగ్గరికి నన్నే పంపించారు. కొమ్మ వంచుతుంటే పిన్ని వెనకనుంచి, "ఎక్కువ కోయకురా, ఇవే కదా జూన్‌లో గింజలయ్యేది" అంది. నా చేయి ఆగిపోయింది. చాలా తక్కువ తెచ్చాను. పచ్చడిలో చేదు సరిపోలేదని బాబాయ్ అన్నాడు.

ఇప్పుడు తోట పరిస్థితి ఏంటంటే, పడమటి వైపు చెట్లు బాగున్నాయి. కాయ కోడిగుడ్డు సైజు దాటింది. తూర్పు వైపు నలభై అయిదు చెట్లలో ముప్పై దాకా దాదాపు ఖాళీ. కొన్ని చెట్లకి చేతివేళ్ళ మీద లెక్కపెట్టేన్ని కాయలు. మిగతా పదిహేనుకి సగం. ఆ ముప్పై చెట్ల కింద నుంచి నడిచేటప్పుడు నేను పైకి చూడను.

ఈ వారం కవర్లు కడుతున్నాం. కాగితం సంచులు, ఒక్కో కాయకి ఒక్కోటి. పండు ఈగ కుట్టకుండా, మచ్చలు పడకుండా. మాకు ఒక్కోటి రెండు రూపాయల చిల్లర పడింది. అందుకే అన్నిటికీ కట్టట్లేదు, చేతికందే బంగినపల్లి కాయలకే. నిచ్చెన వేసుకుని కాయని ముచ్చిక దగ్గర పట్టుకుని, సంచి ఎక్కించి, అంచు మడిచి తీగ బిగించాలి. గట్టిగా లాగితే కాయ చేతిలోకొస్తుంది. మొదటి రోజు పదకొండు కాయలు రాల్చాను. పిన్ని వాటితో పప్పు చేసింది, మిగిలినవి ముక్కలు కోసి ఎండబెట్టింది. పైకొమ్మల కోసం ఈగల ఎరబుట్టలు కడతాం. కోతకి చిక్కాలు బాగుచేయాలి, పాత వలలు చిరిగిపోయాయి. కాయ కింద పడకుండా, సొన అంటకుండా కోసి, వరిగడ్డిలో మాగేస్తాం. కార్బైడ్ వాడటం నిషేధం అన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది, నిషేధం ఉన్నా వాడేవాళ్ళు ఉన్నారన్న సంగతి కూడా.

లెక్క చెప్పమంటే చెప్తాను. అన్నీ కలిసొస్తే, అంటే ఏప్రిల్‌లో ఈదురుగాలి రాకపోతే, హైదరాబాద్‌లో మాకు తెలిసిన అపార్ట్‌మెంట్ల వాళ్ళు బాక్సులు తీసుకుంటే, వ్యాపారి మొదట చెప్పిన రెండు లక్షలకి కొంచెం అటూ ఇటూగా రావచ్చు. ఒక్క పెద్ద గాలొస్తే లక్ష కూడా రాదు. నిశ్చితార్థం వైశాఖంలోనే. తేదీ మార్చలేదు. చెల్లి నిన్న ఫోన్‌లో అడిగింది, "అన్నయ్యా, కాయలు ఎలా ఉన్నాయి?" అని. తను అడిగింది కాయల గురించి కాదని నాకు తెలుసు.

జాబ్ వదిలేద్దామా అని అడిగినవాళ్ళకి నేను ఇచ్చే సమాధానం ఇదీ: నేను వదిలిన జాబ్ వేరు, ఇది వేరు. నాకు ఇప్పటికీ వీడియోల మీద వచ్చే డబ్బు ఉంది కాబట్టి ఇక్కడ కూర్చుని మాట్లాడుతున్నాను. మా బాబాయ్‌కి ఆ వెసులుబాటు లేదు. మీరు రావాలనుకుంటే ముందు ఒక్క వసంతం ఎవరి తోటలోనైనా ఉండి చూడండి, సంక్రాంతి నుంచి కోత దాకా, కెమెరా లేకుండా.

జూన్‌లో వేపపండ్లు ఏరడానికి నేను వస్తానని చెప్పాను. ఈసారి వీడియో లేదు. అప్పు తీర్చాల్సిన ఇరవై కిలోలు, మా అరవై కిలోలు. పాత వీడియో కింద పిన్ చేసిన కామెంట్ మార్చేశాను. డ్రమ్ముల్లో పెట్టకండి, గోనెసంచుల్లో పెట్టండి, పూర్తిగా ఆరాకే పెట్టండి అని రాశాను. మీలో ఎవరైనా ఆ వీడియో చూసి అలాగే దాచి ఉంటే, ఇవాళే వెళ్ళి మూత తీసి చూడండి, దయచేసి.

మోటారు ఆగింది, విన్నారా? కరెంటు పోయింది. బాబాయ్ పిలుస్తున్నాడు, వెళ్ళాలి. కోతల ఎపిసోడ్‌తో మే నెలలో కలుద్దాం. ఉంటానండి.